తోసేది లేదు

మా ఊళ్లో ఈత నేర్పే పద్ధతి ఒక్కటే. పిల్లను ఎత్తి బావిలో వేయడం. మునిగితే ఎవరో ఒకరు దూకి పట్టుకొస్తారు. నన్ను మా బాపు అట్లాగే వేశాడు. ఈత వచ్చిన మాట నిజమే. కానీ ఇప్పటికీ నా వెనక ఎవరైనా వచ్చి నిలబడితే ఒళ్లు బిగుసుకుంటుంది.

వ్యాయామ టీచరునయ్యాక, కొత్తకోట దగ్గర మా పొలంలోని మెట్ల బావిలో వేసవి సెలవుల్లో ఆడపిల్లలకు ఈత నేర్పడం మొదలుపెట్టాను. మొదటి రోజే చెప్పేశాను, ఇక్కడ ఎవరినీ తోసేది లేదని. గట్టు మీద కూర్చున్న మగవాళ్లు నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను.

కాలువ నీళ్లు వచ్చాక మా బావి ఎండాకాలంలోనూ నిండుగానే ఉంటోంది. ఆ కాలువ భయంతోనే, గొర్రెలు కాసే ఒకామె తన కూతురిని తెచ్చి నాకు అప్పగించింది.

"మంద రోజూ కాలువ ఒడ్డుకే పోతది టీచరమ్మా. జర ఈత నేర్పు."

మిగతా పిల్లలు నడుముకు బెండ్లు కట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి పోతుంటే, ఈ పిల్ల చున్నీ అంచు నోట్లో కుక్కుకుని మెట్టు మీదే కూర్చునేది. నేనూ పక్కనే కూర్చునేదాన్ని. భయపడకు అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాటంటేనే నాకు చిరాకు.

"ఏడ భయమైతున్నది?" అని అడిగాను.

"కాళ్ల కింద ఏం లేకుంటే."

అయితే కాళ్లు మెట్టు మీదే ఉంచి నీళ్లలో వెల్లకిలా పడుకోమన్నాను. తల నా అరచేతుల్లో పెట్టుకున్నాను.

"గిట్లయితే పిల్ల పెండ్లినాటికి నేర్చుకుంటది" అన్నాడు గట్టు మీద నుంచి ఒకాయన. ఇంకొకరు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నారు. ఒకరోజు గట్టు మీదే ఉన్న మా బాపుకు ఓపిక నశించింది. పంచె ఎగ్గట్టి మెట్లు దిగి వచ్చి పిల్ల భుజం మీద చెయ్యి వేశాడు. పిల్ల గోళ్లు దిగేలా నా చెయ్యి పట్టుకుంది. నేను లేచి ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"చెయ్యి తియ్యి బాపూ."

"నిన్ను గిట్లనే తోసిన. ఈత రాలేదా?"

"వచ్చింది. గప్పటిసంది నువ్వు ఎన్క నిలబడితే నాకు భయం."

పదిమందిలో తండ్రిని అట్లా అన్నందుకు నేను సిగ్గుపడలేదు. ఇప్పటికీ పడను. బాపు చెయ్యి తీశాడు. కానీ పైకి పోలేదు, పైమెట్టు మీద కూర్చుండిపోయాడు. తర్వాత రోజూ అక్కడే కూర్చునేవాడు. ఎవరో "తోసెయ్ టీచరమ్మా" అంటే, "సప్పుడు జెయ్యకురా" అని కసిరాడు.

సెలవులు అయిపోవచ్చేసరికి పిల్ల మెట్టు వదిలి నా చేతుల మీద తేలుతోంది. తాను చెప్పేదాకా విడవనని నాతో ముందే ఒట్టు వేయించుకుంది. ఆ రోజు లోతు మీద ఉండగా, ఆకాశం చూస్తూ, "ఇడువు టీచర్" అంది.

నాకే భయమేసింది. చేతులు కదల్లేదు.

"చెప్పిన గద. ఇడువు."

విడిచాను. పైమెట్టు మీద బాపు లేచి నిలబడ్డాడు. పిల్ల తేలుతూనే ఉంది.