మా నాన్న కారు కంపెనీ పెయింట్

ఆ రోజుల్లో మా అశోక్‌నగర్ గల్లీలో పెద్దమనిషి అనిపించుకోవడానికి మంచి ఉద్యోగం, సొంతిల్లు చాలేవి. మా నాన్న వాటికి ఇంకొకటి కలిపారు: కారుకు కంపెనీ పెయింట్. మా క్రీమ్ రంగు కారు వయసు పదిహేనేళ్లు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీకి ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం తప్పేది కాదు. "చూడుండ్రి, ఫ్యాక్టరీల వేసిన రంగే. బయటి బ్రష్షు ఒక్కసారి తాకలే" అనేవారు నాన్న, డోరు మీద చెయ్యి ఆనించకుండా గాల్లోనే నిమురుతూ. (పెళ్లిచూపుల్లో తనను కూడా ఇంతసేపు చూడలేదని అమ్మ ఫిర్యాదు.) పక్కింటాయన తన కారుకు సొట్ట పడితే రంగు వేయించాడు. అప్పటినుంచి నాన్న ఆయన ప్రస్తావన వస్తే, నడత చెడిన మనిషి సంగతి మాట్లాడినట్టు గొంతు తగ్గించేవారు.

అలాంటి కారు మీద డిగ్రీ చివరి ఏడాదిలో నేను డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా క్లాసులో స్టీరింగు పట్టిన మొదటి పిల్లనని అప్పటికే అందరికీ చెప్పేశాను కూడా. నాన్న షరతు ఒకటే. "గీత వడ్డదా, మళ్ల తాళంచెవి ముట్టేది లేదు." మూడో ఆదివారం ఆయన చిక్కడపల్లి లైబ్రరీకి పేపర్లు చదవడానికి వెళ్లగానే, ఒక్కదాన్నే రివర్స్ చేయగలనని నాకు గట్టి నమ్మకం కలిగింది. గేటు స్తంభానికి కలగలేదు. ఎడమ మడ్‌గార్డు మీద వేలెడు గీత పడింది.

ఆటో ఎక్కి నారాయణగూడలో రంగుల దుకాణానికి పరుగెత్తి, కారు పేరు చెప్పి, కంపెనీవాళ్ల క్రీమ్ అడిగి తెచ్చి, తమ్ముడి డ్రాయింగు బ్రష్షుతో పూశాను. ముసలాయన నోట్లో ఒక్క కట్టుడు పన్నులా ఆ ముక్క తళతళలాడింది. దాన్ని థిన్నర్‌తో తుడిచి, ఈసారి రంగు పోల్చడానికి పెట్రోలు ట్యాంకు మూత విప్పి పట్టుకెళ్లాను.

"రంగు తప్పు కాదు బిడ్డా, ఇన్నేండ్లు ఎండల నిలవడి నీ బండే రంగు తప్పింది" అంటూ దుకాణపు పెద్దాయన మూత అందుకున్నాడు. వెంటనే పాత స్నేహితుడు కనబడ్డట్టు నవ్వాడు. "అరే, ఇది మన సార్ మూత గదా! సార్ రాలేదా? ముందుగాల్నే చెప్పొద్దా, ఈ షేడు నా తాన తయారుగనే ఉంటది. డిక్కీ కింద, కుడి డోరు, బంపర్ పక్కన, అన్ని నేను కలిపిచ్చినయే. ఏడాదికోపారి జర పసుపు ఎక్కువ కలుపుత, గంతే."

ఇంటికొచ్చి పూస్తే గీత ఎక్కడుందో నాకే తెలియలేదు. రంగు ఆరకముందే నాన్న వచ్చేశారు. అలవాటుగా చుట్టూ తిరిగి, మడ్‌గార్డు దగ్గర ఆగి, వేలు పెట్టారు. వేలికి క్రీమ్ అంటింది.

"ఇదేంది?"

"కంపెనీ పెయింటే నాన్నా."

"ఏ కంపెనీ?"

"నారాయణగూడ కంపెనీ."

నాన్న చాలాసేపు వేలు తుడుచుకున్నారు, అంత రంగేమీ లేకపోయినా. తర్వాత వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. (పక్కింటాయనకు వాడే గొంతే.) "మీ అమ్మకు చెప్పకు. రేపు ఆరింటికే లెవ్వు, రివర్స్ నేర్పిస్త."

ఇప్పుడు నాకు లైసెన్సుంది, వెనక సీట్లో రెండేళ్ల కూతురుంది, బండి మాత్రం సెకండ్ గేరు దాటదు. కూతురికి తుమ్ము వస్తే నేను బ్రేకు వేస్తాను. వెనక ఆటోవాళ్లు ఏమంటున్నారో వినబడకుండా అద్దాలు ఎక్కించుకుంటాను. వెనక్కి తిరిగి చూడకుండా రివర్స్ చేసిన ఆ తలబిరుసు పిల్ల ఇవాళ ఎదురైతే ముందు నాలుగు చీవాట్లు పెడతాను. తర్వాత తాళంచెవి చేతిలో పెట్టి, చిక్కడపల్లి చౌరస్తా ఒక్కటీ దాటించి పెట్టవే తల్లీ అని బతిమాలుకుంటాను.