నిమ్మకాయ పెట్టిన టైరు

ఏళ్ళ తరబడి ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉండిపోయింది. కక్కలేకపోయాను, మింగలేకపోయాను. గాలి గట్టిగా వీచిన రోజున ఊపిరి కూడా సరిగా ఆడేది కాదు. మేముండేది కెనడాలోని సస్కటూన్‌లో. ఇక్కడ గాలి వీచని రోజు ఏది? మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు మొత్తం చెప్పగలుగుతున్నాను.

వ్యవసాయ యంత్రాలు చేసే కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాస్తాను నేను. ట్రాక్టరు స్క్రీన్ మీద అంకెలు సరిగా కనిపించేలా చూడటం నా పని. ఆ ట్రాక్టరు చక్రం విప్పమంటే చేతకాదు. అయినా ఇక్కడి తెలుగువాళ్ళకు నేను బండ్ల అన్నయ్యని. కారు కొనాలన్నా, బ్యాటరీ మార్చాలన్నా ముందు నాకే ఫోను. షాపువాడు అమ్ముకోవడానికి చెబుతాడట, అన్నయ్య మన మంచికి చెబుతాడట. ఆ పెద్దరికం నాకు మహా రుచిగా ఉండేది. "నాకు తెలియదు" అన్న మాట నా నోట ఎవరూ వినలేదు.

సుధాకర్ నాకు తమ్ముడి లాంటివాడు. వాడు, భార్య లలిత, కూతురు మేఘన. కొన్నేళ్ళ కిందట ఒక వేసవిలో వాళ్ళు ఒక ట్రావెల్ ట్రైలర్ కొన్నారు. మంచాలూ పొయ్యీ అన్నీ ఉండి, ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇల్లన్నమాట. వాళ్ళ పికప్ ట్రక్కు టైర్లేమో అరిగిపోయాయి. ఏవి వేయించమంటారని అడిగాడు. నేను క్షణం కూడా ఆలోచించలేదు. కార్లకు వేసే మెత్తటి రకం వేయించు, చప్పుడుండదు, పాప హాయిగా నిద్రపోతుంది అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! షాపులో వేరే రకం చూపించినా, వాడు నా మాటే పట్టుకుని అవే వేయించుకొచ్చాడు.

ఆ తర్వాత ఎందుకో నాకే అనుమానం వచ్చింది. కూర్చుని చదివాను. బరువు లాగే ట్రక్కుకు గట్టి రకం వేరే ఉంటుందట. మెత్తటి టైరు పక్కలు బరువుకీ పక్కగాలికీ ఒరుగుతాయట. వెనక ట్రైలర్ ఊగడం మొదలుపెడితే దాన్ని అదుపు చేయడం కష్టమట. రేపు పూజ దగ్గర చెప్పేద్దామనుకున్నాను.

పూజంటే బండి పూజ. వాళ్ళ ఇంటి ముందు తెలిసినవాళ్ళందరూ చేరారు. ట్రక్కుకు పసుపు, కుంకుమ, ట్రైలర్‌కు పూలదండ. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే మర్యాద, పెద్దవాణ్ణని, నాకే ఇచ్చారు. ముందు టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాను. కొత్త రబ్బరు వాసన. చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల ఒకటే పోరు. నోరు తెరిచాను కూడా.

"ఏంటన్నయ్యా, అలా చూస్తున్నారు? బానే ఉన్నాయా?" అన్నాడు సుధాకర్.

అందరి కళ్ళూ నా మీదే ఉన్నాయి.

"బ్రహ్మాండంగా ఉన్నాయిరా. నిశ్చింతగా వెళ్ళిరా."

"మీరు చూశాక ఇంక తిరుగేముంది!"

"అంకుల్, వాచ్ యువర్ ఫింగర్స్!" అని మేఘన అరిచింది. చెయ్యి లాక్కున్నాను. ట్రక్కు కదిలింది, నిమ్మకాయలు చితికాయి, అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మొదటి సలహా తెలియక ఇచ్చాను, సరే. ఆ "బ్రహ్మాండంగా" మాత్రం తెలిసే అన్నాను. ఎందుకన్నాను? పదిమందిలో పరువు పోతుందనా? తర్వాత ఫోను చేసి చెబుదామనా? మరి చేశానా? ఏం కాదులే, ఎంతమంది ఇలాగే తిరగడం లేదు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. వాళ్ళు వెళ్ళిన రోజు నుంచీ ఫోను మోగితే చాలు, వాళ్ళకేమైందోనని పరుగెత్తేవాణ్ణి.

తిరుగు ప్రయాణంలో, హైవే మీద పక్కగాలి కొట్టింది. ట్రైలర్ ఊగి ఊగి ట్రక్కును రోడ్డు పక్క పల్లంలోకి ఈడ్చుకుపోయింది. మేఘనకు, సుధాకర్‌కు చిన్న దెబ్బలే. లలిత భుజం విరిగింది. ఇప్పటికీ ఆ చెయ్యెత్తి జడ అల్లుకోలేదు, మేఘనే అల్లుతుంది. టైర్ల వల్లే జరిగిందా? అందరూ గాలి అన్నారు. గాలే కావచ్చు. అది నాకెప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే నన్ను తినేస్తోంది.

ఆసుపత్రిలో సుధాకర్ నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మీరు చెప్పిన టైర్లు కాబట్టే ప్రాణాలతో బయటపడ్డామన్నయ్యా అని ఏడ్చాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ మాట వాడు అందరికీ చెప్పాడు. ఇంకొందరు ట్రైలర్లు లాగడానికి అవే వేయించుకున్నారు. వేసవి వస్తే చాలు, ఎవరు ఏ రోడ్డు మీద ఉన్నారో, అక్కడ గాలి ఎంతుందో చూస్తూ కూర్చుంటాను. పిచ్చి పడుతుందేమోనని భయం వేస్తుంది.

ఇవాళ పొద్దున మా తెలుగు వాట్సాప్ గ్రూపులో సుధాకర్ ఒక ఫోటో పెట్టాడు. కొత్త ట్రైలర్. ముందుదానికంటే పెద్దది. "మళ్ళీ అన్నయ్య టైర్లే వేయిస్తున్నా. అవైతేనే ఎక్కుతానంది లలిత," అని రాశాడు. కింద అందరూ నమస్కారాలు పెట్టారు.

వాడికి విడిగా ఫోను చేద్దామా? ఏదో సాకు చెప్పి, ఇప్పుడు ఇంకా మంచివి వచ్చాయని తప్పించుకుందామా? తప్పించుకోగలను. ఆ తెలివి నాకుంది. కానీ పదిమంది ముందు ఆడిన అబద్ధం కదా అది.

అందుకే గ్రూపులోనే రాశాను. "ఒరేయ్ సుధాకర్, ఆ టైర్లు వద్దు. ట్రైలర్ లాగేవాళ్ళు ఎవరూ వాటితో వెళ్ళొద్దు. గట్టి రకం వేయించుకోండి. నేను తప్పు చెప్పాను. పూజ రోజున నిమ్మకాయ పెడుతున్నప్పుడే నాకు తెలుసు." పంపేశాను. ఆ తర్వాతే మీకు ఇది రాయడం మొదలుపెట్టాను.

సుధాకర్ చదివాడు. లలిత చదివింది. మేఘన పెద్దదైంది, అదీ చదివే ఉంటుంది. వాడు ఇంక నా గడప తొక్కకపోవచ్చు. తొక్కమని అడిగే ముఖం నాకూ లేదు. ఆ టైర్లు మాత్రం వేయించడు.