తల లేని వేట

ఫల్గుణ మంచివాడు. కాఫీ తోటలో చీమల బారు ఎదురైతే ఆగి, దారిచ్చి నడిచే రకం. అలాంటివాడికి చైత్రమాసం వచ్చిందంటే జ్వరం వచ్చినంత పనవుతుంది. ఇటుకల పండగ రోజుల్లో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్ళాలి. ఉత్త చేతులతో తిరిగొస్తే ఊరి మొదట్లోనే ఆడవాళ్ళు కాపేసి పేడనీళ్ళు పోస్తారు. ఇప్పుడు అడవిలో వేటా లేదు, ఫారెస్టు వాళ్ళు ఊరుకోనూ ఊరుకోరు. అందుకని ఊరి పక్క వాగులో, అదే గెడ్డలో, పీత దొరికినా చాలునని ఆడవాళ్ళే దయతలిచారు. ఆ పీత కూడా ఫల్గుణకి దొరకదు. మూడేళ్ళు వరసగా పేడనీళ్ళాడిన ఘనత ఆ ఊళ్ళో అతనొక్కడిదే.

ఈ ఏడు కూతురు రమణితో కొత్తల్లుడు జగదీష్ మొదటి పండక్కి వచ్చాడు. పాడేరులో సెల్‌ఫోన్ల దుకాణం. అన్నం తింటున్నా వీడియో తీస్తాడు. మామగారి నెత్తిన పేడ కారుతుంటే చెయ్యి జేబులో పెట్టుకు కూర్చుంటాడా? జిల్లా అంతా చూపిస్తాడు. ఫల్గుణ రెండు రోజులు బుర్ర చించుకుని గొప్ప ఉపాయం కనిపెట్టాడు. వేట రోజున ఊళ్ళోనే లేకపోతే పేడ ఎవరి మీద పోస్తారు?

“అల్లుడికి విశాపట్నంలో సేపల మ్యూజియం సూపిద్దాం,” అన్నాడు భార్య రత్నాలుతో.

రత్నాలు ఎగాదిగా చూసింది. “ఇరవయ్యేళ్ళలో నన్ను సంతకైనా తీసుకెళ్ళినావా? ఇయ్యాల ఒక్కపాలే సముద్రమా!”

నలుగురూ తెల్లారే బస్సెక్కారు. మ్యూజియంలో చీకటి గదులు, గాజు పెట్టెలు, నీలం దీపాలు. ఒంటినిండా ముళ్ళు విప్పుకున్న చారల చేప దగ్గర రత్నాలు గాజుకి ముక్కు ఆనించి నిలబడింది.

“బాబూ, దీనికి సింతపులుసా, ఆవ ఎట్టాలా?” అని కాపలా అతన్ని అడిగింది.

“అమ్మా, అది తినేది కాదు. విషం.”

“మరెందుకు మేపుతున్నారు?”

అతను జవాబు కోసం చేపవైపు చూశాడు. చేపా చెప్పలేదు.

ఫల్గుణ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని జమీందారులా తిరుగుతున్నాడు. నాలుగేళ్ళలో మొదటిసారి చైత్రమాసం తియ్యగా ఉంది. అప్పుడే వదిన వరసైన యర్రమ్మ ఫోను చేసింది. ఊళ్ళో పేడబిందెకి పెత్తనం ఆవిడదే.

“పట్నం ఎల్లిపోతే తప్పిపోద్దనుకున్నావేటి మరిదీ? పండగలో ఊరు దాటిన మగాడు ఏటో ఒకటి అట్టుకునే రావాల. అడివైతేనేటి, సముద్రమైతేనేటి? పేడ కలిపేసినాం. బేగి రా.”

ఆ తర్వాత ఫల్గుణకి ఏ చేపా కనబడలేదు. అందరినీ రేవు దగ్గరి చేపల బజారుకి పరుగెత్తించాడు. మూడు కిలోల కోనాం చేప కొన్నాడు. ఎవరూ చూడకుండా గొడుగు పుల్లతో దాని మెడలో ఒక పోటు పొడిచాడు. బాణం దెబ్బ! చేపని అల్లుడి చేతికిచ్చి, బస్సు కనుక్కోవడానికి వెళ్ళాడు.

ఘాట్ రోడ్డు ఎక్కాక, తన వేటని మరోసారి కళ్ళారా చూసుకుందామని సంచి విప్పాడు. లోపల ముక్కలు. శుభ్రంగా, సమానంగా, పులుసుకి సిద్ధంగా.

“అత్తయ్యకి శ్రమెందుకని కోయించేశాను మావయ్యా,” అన్నాడు జగదీష్ మురిసిపోతూ. “తల వద్దన్నాను. ఉత్త బరువు.”

కొత్తల్లుడిని ఏమంటాం? “మంచి పని చేశావు బాబూ,” అన్నాడు ఫల్గుణ, పళ్ళ మధ్య నుంచి.

సాయంత్రం ఊరి మొదట్లో యర్రమ్మ సంచి తీసుకుని ముక్కలు ఒక్కొక్కటీ తిరగేసింది. వేట ఎవరు కొడితే తల వాళ్ళకి, మిగతాది ఇంటింటికీ. అది లెక్క.

“తల ఏది మరిదీ?”

“సముద్రంలో... పడిపోయింది.”

“తల నేకుండా ఇక్కడిదాకా ఈదుకొచ్చిందేటి?”

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. తల లేనిది వేట కాదని తీర్పిచ్చారు. వేట కాని ఆ ముక్కల్ని మాత్రం ఇంటికొకటి చొప్పున పంచేసుకున్నారు, న్యాయం తప్పకుండా. తర్వాత బిందె బోర్లించారు. జగదీష్ ఫోను పైకెత్తాడు.

“ఈ గుంటడూ ఊరు దాటినోడే కదే?” అంది యర్రమ్మ. రెండో బిందె అల్లుడి నెత్తిన పడింది.

ఫల్గుణ కళ్ళమీది పేడ తుడుచుకుని, తెల్లబోయిన అల్లుడిని తనివితీరా చూశాడు.

“వదినా, తల కోయించింది ఆడే. ఇంకో బిందె ఎయ్యి.”