తడిగుడ్డకు తెలుస్తది

"పెద్దన్న పోయిండు చెల్లె" అని గోదాము నుంచి ఫోను వచ్చినప్పుడు, భూపాలపల్లి దగ్గర ఒక పల్లెలో రైతులకు విత్తనశుద్ధి గురించి చెబుతున్నాను. ఫోను పెట్టేసి, చెప్పాల్సింది పూర్తి చేశాను. అలా నలుగురిలో నిలబడి మాట్లాడే ఉద్యోగం ఆయన చలవే.

మేమంతా పెద్దన్న అని పిలిచే ఆయన, మహబూబాబాద్‌లో మా విత్తనాల కంపెనీ గోదాముకు సూపర్‌వైజరు. నేను అక్కడ పదేళ్లు సంచులు కుట్టాను. ఒక ఏడాది ప్యాకింగు మిషను వస్తోందన్నారు. కంపెనీలోనే వేరే పని దొరికినవాళ్లు ఉంటారు, మిగిలినవాళ్లు ఇంటికి పోతారు. ఆ పని వెతికేది ఒక సాఫ్ట్‌వేరు. ఎవరికి ఏం వచ్చో అందులో రాస్తే, జనగామ నుంచి భూపాలపల్లి దాకా మా శాఖల్లో సరిపోయే ఖాళీని అదే చూపిస్తుందట.

మా అందరిదీ ఒకటే మాట: "మాకేం రాదు." సిగ్గో మర్యాదో గానీ, మా వైపు ఆడవాళ్లను ఏం వచ్చని అడిగితే వచ్చే జవాబు అదే. ఆఫీసువాళ్లు అదే రాసుకోబోయారు. పెద్దన్న రాయనివ్వలేదు. కంప్యూటరు పక్కన పీట వేసి, ఒక్కొక్కరినే కూర్చోబెట్టాడు.

"నిన్న పొద్దుగాల లేచి ఏమేం చేసినవో చెప్పు చెల్లె."

చెప్పాను. బర్రె పాలు పిండాను. మహిళా సంఘంలో కొట్లాడుకున్న ఇద్దరిని కూర్చోబెట్టి ఒప్పించాను. ఆయన రెండు వేళ్లతో టైపు చేస్తూనే ఉన్నాడు.

"గదేం పనన్నా, రాయకు."

"నువ్వు నడుమ రాకు. మొలుస్తనో లేదో గింజకు తెల్వది. తడిగుడ్డకు తెలుస్తది."

అది ఆయన ఊతమాట. కొత్త వడ్లు రాగానే, ఎన్ని మొలుస్తాయో చూడటానికి వంద గింజలు తడిగుడ్డలో చుట్టి కిటికీ కింద పెట్టేవాడు. ముందే విప్పబోతే, "జర ఆగు, నిద్ర పాడు చెయ్యకు" అని కసిరేవాడు. మధ్యాహ్నపు ఎండలో దుమ్ము తేలుతుంటే, ఆ మూట దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవాడు. చూసి చూసి మాకూ అదే అలవాటైంది.

నా పేరు ఎదురుగా సాఫ్ట్‌వేరు భూపాలపల్లి చూపించింది, రైతులతో మాట్లాడే పని. ఏడ్చేశాను. సంతోషమో భయమో ఇప్పటికీ తెలియదు.

ఆయన పోయిన మూడోనాడు గోదాముకు పోయాను. ఆయన స్థానంలోకి మనిషిని వెతకడానికి మేనేజరు ఆ సాఫ్ట్‌వేరులో ఆయన పేజీ తెరిచి ఉంచాడు. 'ఏం వచ్చు' అన్నచోట ఒకటే ముక్క: ఏం రాదు.

నాకు కోపం వచ్చింది. మా అందరివీ నింపి, తనది ఇలా వదిలేస్తాడా?

"ఏం రాయాలమ్మా?" అని మేనేజరు అడిగాడు. నేను కిటికీ వైపు నడిచాను.

కిటికీ కింద ఆయన కట్టిన చివరి మూట ఉంది. ఎవరో నీళ్లు చల్లుతూనే ఉన్నట్టున్నారు, ఇంకా తడిగానే ఉంది. పీట లాక్కుని కూర్చుని, నిద్ర పాడు చేస్తున్నానేమో అనుకుంటూనే ఒళ్లో పెట్టుకుని విప్పాను.

"రాయుండ్రి సార్" అన్నాను, గొంతు తగ్గించి. "పొద్దుగాల వచ్చి అన్న ఏమేం చేసేటోడో చెప్త."

ఒళ్లో గుడ్డ నిండా తెల్లటి మొలకలు.