కుట్టిన అరటాకులు

ఆ రోజుల్లో మా వంశం పేరు చెబితే పాలమూరు దిక్కు పన్నెండు ఊళ్లలో జనం లేచి నిలబడేవారు. ముత్తాత ఏనుగు మీద, తాత గుర్రం మీద తిరిగారు. నాయిన గుర్రాన్ని అమ్మాక కూడా దాని జీనును అరుగు మీద వేయించుకుని, దానిపైనే కూర్చుని తగవులు తీర్చేవాడు. నా వంతుకు మిగిలినవి నిటారైన నడుము, ఎడ్లబండి పట్టేంత గండి పడిన మా గడి ప్రహరీ గోడ. (నడుము ఇప్పటికీ ఉంది.)

నా ఇరవై రెండో ఏట రామన్నపేట దిక్కు నుంచి సంబంధం వచ్చింది. పిల్ల ఫోటో చూసి నేను అప్పటికే మనసులో ఒప్పేసుకున్నాను. వచ్చే ఎండాకాలం ఇల్లు చూడడానికి వస్తానని పిల్ల తండ్రి కబురంపాడు. గండిలోంచి చూస్తే పక్కింటి పెంటకుప్ప, బర్రె. గోడ కట్టించే స్తోమత లేదని ఒప్పుకోవడమెలా? హైదరాబాదులో ఒక తోటమాలిని బతిమాలి (సరిగా చెప్పాలంటే, కోరి) ఆరు షోకు అరటి మొక్కలు తెచ్చి గండికి అడ్డంగా నాటాను. కాయలు తినడానికి పనికిరావు కానీ, ఆకులు తలుపు రెక్కలంత పెరిగాయి.

"ఎడ్లకు నీళ్లు లెవ్వు గని, నీ అరటి దినాం రెండుసార్లు తానం చేస్తాంది" అనేది అమ్మ.

పిల్ల తండ్రి వచ్చే ముందురోజు గాలిదుమారం లేచి ఆకులన్నీ పేలికలైపోయాయి. పేలికల సందుల్లోంచి బర్రె నన్నే చూస్తోంది. నాకొక ఆలోచన తట్టింది. మోదుగాకుల విస్తర్లు కుట్టే అవ్వను పిలిపించాను. ఆమె నిచ్చెనెక్కి, చీపురు పుల్లలతో చీలిక చీలికనూ కలిపి కుట్టింది.

"తెంపినంక కుట్టుడు ఎరుకే గని దొరా, చెట్టు మీదున్న ఆకు కుట్టుడు గిదే మొదలు. రేపు చెట్టు మీదనే వడ్డిస్తరా?"

మర్నాడు పిల్ల తండ్రి వచ్చి అరుగు మీద కూర్చుని, అరటి చెట్ల దిక్కు చూసి, "మంచిగున్నయి" అన్నాడు. నా నడుము ఇంకో అంగుళం లేచింది. అంతలో మళ్లీ గాలి. ఆకు చీలితేనే గాలి దూరిపోతుందని, చెట్టు నిలబడుతుందని నాకేం తెలుసు? కుట్టిన ఆకులు తెరచాపల్లా ఉబ్బి, ఆరు చెట్లూ ఒకదాని వెంట ఒకటి పడుకున్నాయి. బర్రె గండిలోంచి తల దూర్చి, ఆకును పుల్లలతో సహా నమలసాగింది.

ఆయన లేచి వెళ్లి, ఒక ఆకు ఎత్తి కుట్టు చూశాడు. నేను నేల చూశాను.

"గోడ కూలిందని తెల్సే వచ్చిన బాబూ. మాది నిరుడే కూలింది."

"మరి మీరేం అడ్డం పెట్టిన్రు?" అని నోరు జారాను.

"గడ్డివాము" అన్నాడాయన. "నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు దాని ఎన్కకు పోకు."

పోలేదు. పిల్లనే చూశాను. ఇన్నేళ్లయినా, నేను ఎవరిముందైనా కాస్త బిగుసుకుని కూర్చుంటే మా ఆవిడ లోపలి నుంచి "గాలొస్తాంది, జర సూస్కోన్రి" అంటుంది. మునుపు కోపమొచ్చేది. ఇప్పుడు కాస్త వంగి కూర్చుంటాను.

పెళ్లయిన మరుసటేడు ఆ గోడ రాళ్లనూ, దాని కింది జాగానూ బర్రె గల ఆ పక్కింటాయనకే అమ్మేశాం.