నల్లగడిలో నీలి సిరా

మా పేపర్లో రోజూ వచ్చే గళ్ల పజిల్‌ను ఎవరు తయారుచేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం ఆయనకు గళ్లాయన అని పేరు పెట్టుకున్నాను. ఇన్నేళ్లుగా ఒకరితో తగువు పడుతున్నప్పుడు ఏదో ఒక పేరు ఉండాలి కదా. ఆయనకు మాటలు దొరకని రోజు నాకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ రోజు జంతువుల మీద పడతాడు. 'తోక తెగిన తాబేలు' అంటాడు, రెండు గడులు. తాబేలుకు ఉన్నదే చిటికెడు తోక, దాన్ని కూడా కోసి మనతో 'తాబే' అని రాయించుకుంటాడు. 'తిరగబడిన నక్క' అంటాడు. 'క్కన' అని రాస్తూ వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకుంటాను, తిట్టుకుంటాను కూడా. వారంలో ఒక్కసారైనా ఏనుగు రావాలి ఆయనకు. భూమి రావాలి. ఇక ఆడవాళ్లయితే రోజు విడిచి రోజు వస్తారు: ఇంతి, పడతి, మగువ, అతివ. మా ఊళ్లో ఎవరినైనా అతివా అని పిలిస్తే చీపురు తిరగేస్తారు.

ఆయన మంచి రోజులు కూడా నాకు తెలుసు. ఒకసారి 'చెప్పకుండా వచ్చి చెప్పకుండా పోయేది' అని అడిగి మూడు గడులు ఇచ్చాడు. బంధువు అని రాశాను. మర్నాడు జవాబు చూస్తే కరెంటు. ఆ రోజు గళ్లాయన ఇంటికి ఒక సంచెడు పల్లికాయ పంపాలనిపించింది.

మాది రఘునాథపల్లి నుంచి కాస్త లోపలికి ఉన్న ఊరు. నేను పుట్టింది మానుకోటలో. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ మా వాళ్లెవరూ అలా అనరు. మా ఆయన ఉద్యోగం భూపాలపల్లిలో, బొగ్గు గనుల దగ్గర. శనివారం వచ్చి సోమవారం తెల్లవారేసరికి బస్సెక్కుతాడు. మిగతా రోజుల్లో ఇంట్లో ముగ్గురమే. అత్తమ్మ, మామ, నేను.

మా ఇళ్లలో కోడలు మామ ఎదుట కూర్చోదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. వద్దని ఎవరూ చెప్పలేదు. అందరి ఇళ్లలో అట్లాగే ఉంటే మా ఇంట్లోనూ ఉంది. మామకు చాయ్ కావాలంటే అత్తమ్మతో అంటాడు, అత్తమ్మ నాతో అంటుంది. రెండు బారల దూరంలో నిలబడి ఆయన మాట నేను మొదటే వింటాను. అయినా అత్తమ్మ నోటి నుంచి రెండోసారి వచ్చాకే కదలాలి. ఆయన మంచివాడు. ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగడు. అయినా అంతే.

పొద్దున పాలబండి అతను తెచ్చే పేపర్ ముందు మామది. అరుగు మీద కుర్చీలో కూర్చుని మొదటి పేజీ నుంచి టెండర్ల దాకా చదివి, నీలి సిరా పెన్నుతో పజిల్ పట్టేవాడు. కొన్ని గడులు నిండేవి, కొన్ని మిగిలేవి. మధ్యాహ్నానికి ఆ పేపర్ డబ్బాల కింద పరుచుకోవడానికని నా చేతికి వచ్చేది. ఖాళీ గడి చూస్తే నా చెయ్యి ఊరుకోదు. పరిచే ముందు పెన్సిల్‌తో నింపేదాన్ని. పెళ్లయిన కొత్తలో ఒకరోజు ఆయన జవాబులు సరిచూసుకుందామని నిన్నటి పేపర్ అడిగాడు, అత్తమ్మ ద్వారానే. పప్పు డబ్బా కింది నుంచి తీసిచ్చి తలుపు వెనక నిలబడ్డాను. తన పజిల్ ముట్టినందుకు ఏమంటాడో అని నా భయం. ఆయన చాలాసేపు చూశాడు. మర్నాడు పేపర్, పజిల్ పైకి కనపడేలా మడిచి, కుర్చీలో పెట్టి ఉంది.

అప్పటి నుంచి అదే పద్ధతి. పొద్దున నీలి సిరా, మధ్యాహ్నం పెన్సిల్. సాయంత్రం పొలం నుంచి వచ్చాక ఆయన ఇంకోసారి పేపర్ తీసి చూసేవాడు. నేను గట్టిదాన్ని పట్టిన రోజున 'హుఁ' అనేవాడు. ఆ హుఁ కోసం నేను వంటింటి కిటికీ దగ్గర ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. ఇద్దరి మధ్య ఉన్న మాటలన్నీ ఆ గళ్లలోనే ఉండేవి. నాకు అది తక్కువేమీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే రోజులో నేను ఎదురుచూసేదే అది.

మొన్నటి చలికాలంలో ఆయన అక్షరాలు గడి దాటడం మొదలుపెట్టాయి. తొందరలో రాశాడేమో అనుకున్నాను. తర్వాత ఒకే గడిలో ఒకదాని మీద ఒకటి రెండు అక్షరాలు కనిపించాయి. ఒకరోజు ఎంత చూసినా ఒక మాటకు అక్షరం తక్కువ వచ్చింది. పేపర్‌ను వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూశాను. ఆ అక్షరం నల్లగడిలో ఉంది. నలుపు మీద నీలి సిరా, మెరుపు తప్ప ఏమీ కనపడటం లేదు. నల్లగడిలో రాయకూడదని పజిల్ పట్టే ఎవరికైనా తెలుసు. మామకు చూపు పోతోంది, ఆయన ఎవరికీ చెప్పడం లేదు.

నేను అడగలేను. అత్తమ్మతో అంటే ఊరంతా తెలుస్తుంది. భూపాలపల్లికి ఫోన్ చేశాను.

“మామకు కండ్లు కనవడ్తలేవు,” అన్నాను.

“నీకెట్ల తెలుసు? నాతోని ఏం అనలే గద బాపు,” అన్నాడు మా ఆయన.

“నల్లగడిల రాసిండు.”

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. ఆ శనివారం వచ్చి, సోమవారం సెలవు పెట్టి మరీ తండ్రిని జనగామ కంటి దవాఖానకు తీసుకుపోయాడు. మోతిబిందు, అదే కంట్లో శుక్లం, బాగా ముదిరిందని, ఇంకా ముందే రావాల్సిందని డాక్టర్ కోప్పడ్డాడట. కొన్నాళ్ల తేడాతో రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. కొత్త అద్దాలు వచ్చే దాకా చదవడం, రాయడం బంద్ అన్నారు.

పేపర్ మాత్రం వస్తూనే ఉంది. మామ నల్లద్దాలు పెట్టుకుని, దాన్ని ఒళ్లో వేసుకుని ఊరికే కూర్చునేవాడు. పజిల్ మొత్తం నాదే అయింది. అన్ని గడులూ నేనే నింపాను. ఉప్పు లేని కూర తిన్నట్టుంది. మూడో రోజో నాలుగో రోజో ఆయన పజిల్ ఉండే చోట వేలితో తడుముతూ కనిపించాడు. ఇక ఉండబట్టలేక అత్తమ్మను పట్టుకున్నాను. నేను తలుపు వెనక నుంచి చదువుతాను, నువ్వు మామకు చెప్పు అని బతిమాలాను. ఆమెకు చదువు రాదు, ఓపికా తక్కువే. అయినా ఒప్పుకుంది.

“శివుని వాహనమట అత్తమ్మా, రెండు గడులు,” అన్నాను.

“శివుడు దేని మీద పోతడో అడుగుతాంది,” అంది అత్తమ్మ మామతో.

“నంది అని చెప్పు.”

“నంది అంటాండు.”

రాసుకున్నాను. “కోపం అత్తమ్మా, మూడు గడులు.”

ఈసారి ఆమె దాన్ని మామ దాకా పోనియ్యలేదు. “కోపమంటే ఏందో గాయన్ని అడుగుడెందుకు? నీ ముక్కు మీదనే ఉంటది గద,” అంది నాతో. తర్వాత చేతులు దులుపుకుని లేచింది. “నాతోని గాదు. నేను మిరపకాయలు ఎండవోసుకోవాలె. నువ్వే పోయి చదువు. మింగుతడా ఏంది నిన్ను.”

ఆమె వెళ్లిపోయింది. నేను తలుపు దగ్గరే ఉండిపోయాను. కాసేపటికి మామ, రోడ్డు వైపే చూస్తూ, “ఆగ్రహం అయితదేమో,” అన్నాడు.

అది అత్తమ్మకు చెప్పిన మాట కాదు. అక్కడ అత్తమ్మ లేదు.

చిన్న పీట తెచ్చుకుని తలుపు పక్కన కూర్చున్నాను. నాలుగైదు ఆధారాలు ఇద్దరం బడిలో పాఠం అప్పజెప్పినట్టు చదివాం, చెప్పాం. ఇంతలో 'తల లేని కుందేలు' వచ్చింది. నా నోరు ఆగలేదు.

“మొన్న తాబేలు తోక కోసిండు, ఇయ్యాల కుందేలు తల కోసిండు,” అనేశాను.

అని నాలుక కరుచుకున్నాను. మామ నల్లద్దాలు నా వైపు తిరిగాయి.

“గీయన పజిల్ రాస్తాండా, మటన్ దుకాణం నడుపుతాండా?” అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వు నేను అంత దగ్గర నుంచి వినడం అదే మొదలు.

ఆ తర్వాత మా ఇద్దరినీ ఆపేవాళ్లు లేకపోయారు. గళ్లాయన పేరు ఆయనకు చెప్పాను. అది ఆయనకు తెగ నచ్చింది. ఒకరోజు 'పుల్లని ఆకుకూర' వచ్చింది, మూడు గడులు.

“పుంటికూర,” అన్నాడు మామ, ఏమాత్రం ఆలోచించకుండా.

“మూడే గడులు మామా.”

“మూడు గడులల్ల పుంటికూర ఎట్ల వడ్తది?”

“పుంటికూరనే గోంగూర అంటడు మామా.”

“గది గళ్లాయన ఇంట్ల వండుకుంటడు. మనింట్ల వండేది రాయి.”

“పట్టదు మామా.”

“జర ఇరికియ్యి.”

ఇరికించాను. మొదటి గడిలో రెండక్షరాలు ఒకదానికొకటి ఒరుసుకుంటూ కూర్చున్నాయి. దాని నుంచి కిందికి దిగాల్సిన మాట చెడిపోయింది. ఇద్దరం లెక్కచేయలేదు.

ఆయన ఇంత మాటకారి అని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక్కో ఆధారం దగ్గర ఆగి ఒక్కో ముచ్చట తీసేవాడు. మా మానుకోట మిర్చి మార్కెట్ గురించి అడిగాడు, మా నాయిన ఆరోగ్యం అడిగాడు. ఒకరోజు ఇంకోటి అడిగాడు.

“ఎప్పుడు చూసినా పెన్సిల్‌తోనే రాస్తవ్. పెన్సిలెందుకు బిడ్డా?”

“తప్పయితే తుడుపుకోవచ్చని మామా.”

“తప్పయితే తప్పాయె. గళ్లాయన వచ్చి కొడ్తడా?” అని జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడు.

ఆదివారాలు మా ఆయన మమ్మల్ని చూస్తూ తిరిగేవాడు. “పుట్టి బుద్దెరిగినంక బాపు నాతోని గిన్ని మాటలు మాట్లాడలే,” అన్నాడు ఒకసారి. పైకి నవ్వుతూనే అన్నాడు గానీ, అందులో కొంచెం కుళ్లు కూడా ఉంది. నాకు మహా గర్వంగా అనిపించింది.

అద్దాలు తయారయ్యాయని జనగామ నుంచి కబురు వచ్చింది. శనివారం వచ్చేటప్పుడు మా ఆయన పట్టుకొస్తానన్నాడు. ఇంట్లో అందరికీ సంతోషం. నాకూ సంతోషమే, కాదని ఎట్లా అంటాను. కానీ చపాతీ పిండి కలుపుతూ ఉంటే ఉన్నట్టుండి దిగులు ముంచుకొచ్చింది. ఆయనకు చూపు వస్తే నేను చదవాల్సిన పని లేదు. పీట మళ్లీ పొయ్యి దగ్గరికి పోతుంది. చాయ్ కావాలన్న మాట మళ్లీ అత్తమ్మ మీదుగా వస్తుంది. సాయంత్రం హుఁ అంటాడు, అంతే. ఇన్నేళ్లూ సరిపోయిన ఆ హుఁ ఇక నాకు సరిపోదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ అద్దాలు ఇంకో నెల ఆలస్యమైతే బాగుండుననిపించింది.

ఆలస్యం కాలేదు. ఆదివారం పొద్దున మామ కొత్త అద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. ముందు అత్తమ్మను చూశాడు. “నీకు గిన్ని తెల్లెంట్రుకలు ఎప్పుడొచ్చినయే?” అన్నాడు. ఆమె ఆయన్ను ఏమందో ఇక్కడ రాయడం బాగుండదు. తర్వాత పేపర్ తీశాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మొదటి పేజీ, జిల్లా పేజీ, మార్కెట్ ధరలు, చివరికి ఆ చీమతలకాయంత అక్షరాల టెండర్లు కూడా వదలకుండా చదివాడు. మధ్యలో తనకు తానే తల ఊపుకున్నాడు. ఇక పజిల్ పేజీకి వచ్చాడు. పెన్ను ఆయనకు తిరిగి ఇచ్చేయాలి కదా అనుకున్నాను. కొంగుతో తుడిచి చేతిలో పట్టుకున్నాను.

పేపర్ చప్పుడు ఆగింది.

“బిడ్డా, జర గిటు రా.”

పోయాను. అద్దాలు తీసి డబ్బాలో పెట్టేసి ఉన్నాయి, డబ్బా మూత కూడా వేసి ఉంది. పేపర్, పజిల్ పైకి కనపడేలా మడిచి, నా పీట ఉండే చోట నేల మీద పెట్టి ఉంది. ఒక్క గడి కూడా నింపలేదు.

“పజిల్ అక్షరాలు మరీ చిన్నగున్నయి. కనవడ్తలేవు,” అన్నాడు మామ రోడ్డు వైపు చూస్తూ. “చదువు.”

అవతల మిరపకాయలు తిరగేస్తున్న అత్తమ్మ తలెత్తి ఆయన వైపు ఒకసారి, అద్దాల డబ్బా వైపు ఒకసారి చూసింది. మళ్లీ మిరపకాయల మీదికి వంగింది. నేను పీట తెచ్చుకుని కూర్చున్నాను. చూపు అలుక్కుపోతోంది. ఎట్లాగో గడులు లెక్కపెట్టుకున్నాను.

“అడ్డం ఒకటి మామా. ఎండాకాలంల చెట్టెక్కి కోసేటివి. నాలుగు గడులు.”

“నాలుగు గాదు బిడ్డా, ఐదు.”

కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాను. ఐదే. తలెత్తి చూస్తే మామ రోడ్డు మీద పోతున్న ఆటోను ఎన్నడూ ఆటో చూడని మనిషిలా చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

పెన్నుతో ఆ ఐదు గడుల్లో తాటిముంజలు అని రాశాను. ఆయనను అడగలేదు.

“ఇగ రెండోది చదువుతాన మామా,” అన్నాను.

“చదువు,” అన్నాడు.