ముందు కాగితం, తర్వాత చుక్క

కంటి ఆస్పత్రిలో నర్సమ్మ నా ముఖం చూడలేదు, చేతులు చూసింది. బీడీలు చుట్టే చేతులు ఎంత రుద్ది కడిగినా తెలిసిపోతాయి. బొటనవేలి గోటి పక్కన తంబాకు రంగు దిగి ఉంటుంది, కత్తెర పట్టే చోట కాయ కాసి ఉంటుంది. ఆమె నీలి ఇంకు డబ్బీ మూత తీసి నా వైపు జరిపి, "అంగఠా లావా" అంది. వేలిముద్ర వేయమని.

నాకు ఒళ్ళు మండింది. బల్ల మీదున్న పెన్ను లాక్కుని ఆపరేషనుకు ఒప్పుకునే నాలుగు కాగితాల మీదా గొలుసుకట్టుగా సంతకం చేశాను. నాకు చదవడం రాదనుకుందా ఈమె, అన్నదొక్కటే అప్పుడు నా మనసులో ఉంది. ఆ నాలుగు కాగితాల్లో ఏముందో మాత్రం చదవలేదు. చదవలేకపోయాను. పరీక్ష కోసం కంటిపాప పెద్దదయ్యే చుక్కలు అప్పటికే వేశారు. అక్షరాలన్నీ నీళ్ళలో నానిన తునికాకుల్లా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. అద్దాలు తీసి ముక్కుకు ఆనించుకుంటే కనిపించేవేమో. ఆ ఇంకు డబ్బీ ముందు కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకోవడానికి సిగ్గేసింది.

నాకప్పుడు ముప్పై ఏళ్ళు. చిన్నప్పటి నుంచి పొట్లం కట్టిన కాగితం కూడా విప్పి చదివే మనిషిని. చదవకుండా సంతకం పెట్టింది ఆ ఒక్కసారే.

మా ఇల్లు ఈ మరాఠీ ఊళ్ళో తెలుగు నేతగాళ్ళుండే దాజీ పేట్‌లో. గోడకు అవతల టవల్ మగ్గాలు నడుస్తుంటాయి. అవి ఆగితేనే ఏదో చప్పుడైనట్టు తలెత్తి చూస్తాం. నా బడి ఏడో తరగతితో అయిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా జోడ్‌భావి పేట్ వైపున్న చిన్న గ్రంథాలయంలోనే. తెలుగు అలమారలు రెండు, మరాఠీవి ఐదు. రెండూ అయిపోగొట్టి ఐదింట్లోకి దిగాను. మరాఠీ చదవడం అలా వచ్చింది. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుంటే ఇంగ్లీషు కూడా మెల్లగా నడుస్తుంది.

మా ఇంటి ముందరి అర్రలో మధ్యాహ్నం ఐదారుగురు ఆడవాళ్ళం చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాం. నేను చదువుతాను, వాళ్ళు చుడతారు. చదివినందుకు తలా ఒక బీడీల కట్ట నా చాటలో వేస్తారు. ఈ పద్ధతి పెట్టింది మా అత్తమ్మే. "నోరు నీది, చేతులు మావి. నోరు నడిచినంతసేపు నీ చేతులకు సుట్టీ" అని నా చేతులకు సెలవిచ్చింది ఒకరోజు. కథలు, ప్రయాణాల పుస్తకాలు, గుండె ఎలా కొట్టుకుంటుందో చెప్పే పుస్తకాలు, ఏదైనా చదివేదాన్ని. కథలో ఆడమనిషి ఏడిస్తే పక్కింటి వదిన పాత్రను తిట్టేది. "ఏడుసుడెందుకే, లేచి రెండు పీక్!"

అద్దాలు పోయేలా కళ్ళకు లేజరు చేయించుకోవాలన్న కోరిక కూడా ఈ పని వల్లే పుట్టింది. నావి సీసా అడుగంత మందం అద్దాలు. పొద్దున నేను కూడా చుట్టే వేళ తల వంచితే అవి ముక్కు మీదికి జారేవి. చేతుల నిండా తంబాకు, తోసుకోవడానికి వీల్లేదు. భుజంతో ఎగదోసేదాన్ని. అత్తమ్మ తన మోచేత్తో నా అద్దాలు పైకి నెట్టి, "సోడా కండ్లదానికి నేనొక నౌకర్‌ని దొరికిన" అనేది. చుట్టూ నవ్వులు. నేనూ నవ్వేదాన్నే గాని లోపల ఒక పట్టుదల పెరుగుతూ వచ్చింది.

లేజరు అయిన మర్నాడు గోడ మీది బల్లి వేళ్ళు లెక్కపెట్టగలిగాను. ఎదురింటి క్యాలెండరులో తిథులు మా గడపలో నిలబడి చదివాను. వీధంతా తిరిగి ప్రతి బోర్డూ పైకి చదివాను. ఆ మూడు వారాల సంతోషం అబద్ధమని ఈనాటికీ అనను.

నాలుగో వారంలో నొప్పి మొదలైంది. తెరిస్తే గాలి తగిలి మంట. మూస్తే గుడ్డు వెనక ఎవరో పడుగు పోగును పట్టి బిగించి లాగుతున్నట్టు. ఫ్యాను గాలి పగ పట్టినట్టుండేది. దీపాల చుట్టూ జిడ్డు వలయాలు. అర పేజీ చదివేసరికి నీళ్ళు కారి అక్షరాలు కదిలిపోయేవి. పుస్తకం మూసి తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకునేదాన్ని.

అయినా సాయంత్రానికి నా చాటలో కట్టలుండేవి. నేను చదవని రోజుల్లోనూ వాళ్ళు వేస్తూనే ఉన్నారు. అది నాకు నొప్పి కంటే ఎక్కువగా గుచ్చుకుంది.

"తీసుకోండి, నేను చదవలేదు కదా" అన్నాను.

"చదివినట్టే అనుకుంటం లే" అంది పక్కింటి వదిన.

"నాకు దయ నక్కో, వద్దే వద్దు వదినా."

"అబ్బో! కండ్లు మండినా పొగరు మండలే."

ఆస్పత్రికి పోయాను. డాక్టరు గోడ మీది చార్టు చదివించాడు. ఆఖరి లైను కూడా తప్పు లేకుండా చదివాను. "మీ కళ్ళు నాకంటే బాగున్నాయి. ఇంక తక్లీఫ్ ఏముంది?" అన్నాడు మరాఠీలో. నొప్పి అన్నాను. కాస్త పొడిబారింది, చుక్కలు వేసుకోండి, తగ్గిపోతుంది అన్నాడు. రెండోసారీ అదే మాట. మూడోసారి నా వేళ్ళు చూశాడు. "బీడీలు చుడతారా? ఎన్నో రోజున మొదలుపెట్టారు?"

నిజమే చెప్పాను. నెల రోజులు తంబాకు దగ్గరికి పోవద్దన్నారు. నేను పన్నెండో రోజునే చాట ముందు కూర్చున్నాను. ఎక్కువ రోజులు చుట్టిన సరుకు ఇవ్వకపోతే కార్ఖానా కార్డు, దాంతో పనీ పోతుందన్న భయం మా ఆడవాళ్ళందరికీ ఉంటుంది. డాక్టరు పెన్ను మూత పెట్టేశాడు. "మరి ఇంకేముంది!" అన్నాడు.

ఇంటికొస్తే అత్తమ్మ కూడా అదే అంది. "నేను మొత్తుకోలేదా, తంబాకు ఘాటు మంచిది కాదని? ఇన్ని బుక్కులు చదివినవ్, గింత తెల్వదా?" అందరికంటే ముందు నన్ను నేనే తిట్టుకుని ఉన్నాను. కొన్ని వారాలు తల దించుకునే తిరిగాను.

తర్వాత ఒక మధ్యాహ్నం తడిగుడ్డ కింద పడుకుని ఉండగా ఒక ఆలోచన వచ్చింది. అందరూ తంబాకు అంటున్నారు. చూసిందెవరు? పుస్తకాల్లో ఎవరైనా ఒక కారణం చెబితే దాన్ని తీసేసి చూస్తారు, ఫలితం మారిందా లేదా అని. మరి నేనెందుకు చూడకూడదు?

మా పెద్దక్క ఊరి బయట కుంభారిలో కొత్త కాలనీలో ఉంటుంది. ఇంట్లో స్కూలు యూనిఫాంలు కుడుతుంది. వాళ్ళ గడపలోకి తంబాకు రాదు. నెల రోజులు అక్కడ ఉంటానని బట్టలు సర్దాను. కార్డు సంగతి ఎలా అని నేను అడగకముందే పక్కింటి వదిన నా కార్డు, పాస్‌బుక్కు తీసి తన డబ్బాలో పెట్టుకుంది. "మేం చుట్టి ఇస్తం, పో. దయ గియ అనుకునేవ్! నువ్వొచ్చినంక వసూల్ చేస్తం, నెల కథలు బాకీ."

కుంభారిలో బట్ట నూగు కూడా తగలకూడదని మిషనున్న గదిలోకి పోలేదు. ఒక నోటుబుక్కులో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గీతలు గీశాను. నొప్పి కొంచెమైతే రెండు, ఎక్కువైతే పది. పైన మంటకు నిలువు గీతలు, లోపల లాగుడుకు అడ్డ గీతలు. అక్క విసుక్కుంది. "చెల్లె ఇంటికొచ్చిందని సంబురపడితి. ఇదేందే, జైల్లున్నోళ్ళ తీరు గీతలు గీసుకుంట కూసున్నవ్?"

నెల అయ్యాక పేజీలన్నీ పరిచి చూశాను. మొదటి వారం ఎన్ని గీతలో చివరి వారమూ అన్నే. తంబాకు మొదట్లో నొప్పికి తోడయిందేమో, తెలియదు. కానీ నెల రోజులు అది లేకున్నా నొప్పి అక్కడే కూర్చుని ఉంది. అంటే తప్పంతా నా వేళ్ళది కాదు. ఆ నోటుబుక్కును ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తుకుని, బస్సులో దాజీ పేట్‌కు తిరిగి వచ్చాను.

అప్పుడు గ్రంథాలయానికి వెళ్ళాను. ఒక్కో రోజు పది నిమిషాలు చదవడం, పది నిమిషాలు కళ్ళు మూసుకోవడం. కంటి గురించిన మరాఠీ పుస్తకంలో, నల్లగుడ్డు మీది పల్చటి పొరలో ఎన్ని నరాలుంటాయో చదివాను. లేజరు చేసేటప్పుడు ఆ పొరను కోసి మూతలా లేపుతారు, నరాలు తెగుతాయి, మళ్ళీ మొలుస్తాయి. అక్కడి కంప్యూటరులో ఇంగ్లీషు వ్యాసాలు నిఘంటువుతో విప్పుకుంటే మిగతా సగం తెలిసింది. కొందరిలో ఆ నరాలు సరిగా మొలవవు. గాయం మానినా నొప్పి కబురు పంపుతూనే ఉంటాయి. పైకి చూస్తే కన్ను శుభ్రంగా ఉంటుంది. ఒక చిన్న పరీక్ష గురించి కూడా రాసి ఉంది. కంటిని మొద్దుబార్చే చుక్క వేసినప్పుడు నొప్పి మొత్తం పోతే అది పైపొరది. పోకుండా మిగిలితే, అది ఇంకా లోపలి నరాల దారిలో ఉంది.

ఆ వాక్యం దగ్గర పెన్సిలుతో గీత గీద్దామనుకుని, గ్రంథాలయం సొత్తని ఊరుకున్నాను. కంప్యూటరు తెర మీద గీత ఎలా గీస్తానో అప్పుడు తోచలేదు.

నోటుబుక్కు తీసుకుని ఆస్పత్రికి పోయాను. డాక్టరు మళ్ళీ చార్టు చూపించబోయాడు.

"చార్టు నాకు నోటికొచ్చింది, సార్. మొద్దుబార్చే చుక్క వేసి చూడండి" అన్నాను.

"ఎందుకు?"

చెప్పాను. ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. "ఇది ఎక్కడ చదివారు?"

"గ్రంథాలయంలో."

నోటుబుక్కు తీసుకుని చాలాసేపు గీతలు చూశాడు. నిలువువి వేరు, అడ్డంవి వేరు ఎందుకని అడిగాడు. తర్వాత తనే లేచి చుక్క వేశాడు. ఒక్క నిమిషంలో పైన మంట దీపం ఆర్పినట్టు పోయింది. నెలల తర్వాత గాలి కంటికి చల్లగా తగిలింది. కానీ లోపలి లాగుడు అలాగే ఉంది. ఆ మాట చెప్పాను. ఆయన రాయడం ఆపాడు. "ఇది ఉత్త పొడిబారడం కాదు" అన్నాడు మెల్లగా. నరాల నొప్పికి మాత్రలు రాశాడు, మరో రకం చుక్కల గురించి చెప్పాడు. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేనన్నాడు. మాట ఇవ్వనందుకే ఆయన మీద నాకు మొదటిసారి కాస్త నమ్మకం కలిగింది.

వచ్చేముందు నేను సంతకం చేసిన కాగితాల నకలు అడిగి తీసుకున్నాను.

ఇంటికొచ్చి అర్రలో కూర్చుని వాటిని మరాఠీలోంచి తెలుగు చేస్తూ పైకి చదివాను. మూడో కాగితంలో ఉంది: కళ్ళు పొడిబారవచ్చు, నొప్పి రావచ్చు, చాలాకాలం ఉండవచ్చు, అరుదుగా పోకపోవచ్చు.

చాటల మీద చేతులు ఆగిపోయాయి. "అంటే రాసే ఉన్నదా?" అంది అత్తమ్మ.

"రాసే ఉంది. కళ్ళల్లో చుక్క వేసినంక చేతికిచ్చిన్రు. నేను పొగరుకు పోయి సంతకం పెట్టిన."

అత్తమ్మే, "పొగరు మంచిదే గని, దాన్ని రెండు నిమిషాలు ఆగుమనాలె" అంది. అని మళ్ళీ ఆకు తీసుకుంది.

మాత్రలతో అడ్డ గీతలు పది నుంచి ఆరుకు వచ్చాయి. అక్కడే ఆగాయి. గాలి తగలకుండా మా ఆయన వెల్డింగు దుకాణం నుంచి పక్కలు మూసిన తెల్లద్దాలు తెచ్చాడు. "సోడా కండ్లు పోయి కప్ప కండ్లొచ్చినయ్" అంది అత్తమ్మ. నవ్వండి, నేను చదువుతాను అన్నాను. చదివేటప్పుడు నేను రెప్ప వేయడం మరిచిపోతానని డాక్టరు చెప్పాడు. అది చెబితే పక్కింటి వదిన కొత్త చట్టం పెట్టింది. ఎవరి కట్ట పూర్తయి దారం చుట్టినా వాళ్ళు "రెప్ప!" అని అరవాలి, నేను ఆగి కళ్ళు మూసి తెరవాలి. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు కూడా అరుస్తారు. ఇప్పుడు రోజుకు ఎనిమిది పేజీలు నడుస్తుంది. సాయంత్రం నా చాటలో పడే కట్టలను తల వంచకుండా తీసుకుంటున్నాను.

మొన్న ఆస్పత్రికి రమ్మన్నారు, నా రక్తంలోంచే చేసే చుక్కల కోసం. దానికీ కాగితాలున్నాయి. నర్సమ్మ ఒక చేత్తో కాగితాలు, ఒక చేత్తో పరీక్ష చుక్కల సీసా పట్టుకుని వచ్చింది. తల వెనక్కి వాల్చమంది.

"ముందు కాగితం, తర్వాత చుక్క" అన్నాను.

"ఉత్త ఫార్మాలిటీ, మావ్శీ. వెనక లైనుంది."

"ఉండనీ."

కప్ప కండ్లద్దాలు పెట్టుకుని మొదటి పేజీ మొదలుపెట్టాను. వెనక ఎవరో "పేపర్ చదువుతుందా ఏంది ఈమె!" అని గొణిగారు. నేను తల తిప్పలేదు. నా పక్క కుర్చీలో ఒకామె ఉంది, తన వంతు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని. వాటి మీద ఆనించిన ఆమె బొటనవేలి గోటి పక్కన అదే తంబాకు రంగు. ఆమె నా వైపు ఒరిగి, "అక్కా, గీ కాగితాలల్ల ఏం రాసున్నది? జర పైకి చదవరాదూ" అంది.

ఆమె కాగితాలు తీసుకున్నాను. నావి పక్కన పెట్టి, ఆమెవి మొదటి లైను నుంచి గట్టిగా, తెలుగులో చదవడం మొదలుపెట్టాను. పేజీ చివర ఆగి రెప్ప వేశాను. నర్సమ్మ సీసా మూత బిగించి గోడకానుకుని నిలబడింది. రెండో పేజీ తిప్పాను.